పోటుకి మూసి, పాటుకి తీసి

ముమ్మిడివరం,
ఆనంద నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ పంచమి.

అన్నయ్య సూర్యారావు గారికి సుబ్బాయి నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరూ, అచ్చాయమ్మ వదినగారూ బాగుండాలి. నాన్నగారు నేర్పిన మర్యాద కోసం ఈ రెండు మాటలూ రాసేను. ఇక అసలు సంగతి.

కాలవ వచ్చింది. నీళ్ళు వదిలిన రోజున ఊరంతా గట్టు మీదే ఉంది. డప్పులు కొట్టేరు. ఎర్రటి నీళ్ళు ఎండుటాకుల్ని తోసుకుంటూ నురగలతో వచ్చేయి. నేను నీళ్ళకేసి చూడలేదు. కాలవ గట్టు నుంచి పై చేను వరకూ అడుగులు వేసుకుంటూ నడిచేను. పద్దెనిమిది అడుగులు. చేను జానెడు మేర కూడా పోలేదు. కాలవ దాన్ని తినేయలేదు, పక్కన చాపేసుకుని పడుకుంది.

ముందటేడు మాఘంలో మీరు కొత్తపేట నుంచి పనిగట్టుకుని వచ్చి, మా అరుగు మీద కూర్చుని అన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "కాలవ సరిగ్గా నీ పై చేను నడినెత్తి మీదుగా పోతుందమ్మా. సర్కారు వారు లాక్కుంటారు. మొగుణ్ణి పోగొట్టుకున్నదానివి, కచేరీల చుట్టూ ఎక్కడ తిరుగుతావు? ఆ చేను నీకు మోయలేని బరువు, నేను మోస్తాను. నా కింది చేను నువ్వు తీసుకో" అన్నారు. అంటూనే మార్పిడి కాగితం తీసేరు. కాలవ కొలతలు పట్టే దొర దగ్గర గుమాస్తా మీరు. జెండాలు పాతించింది మీరు. కాలవ ఎటు పోతుందో మీకు తెలియక అన్న మాటలు కావు అవి.

కింది చేను ఎలాంటిదో మీకూ తెలుసు. ఏటి ఒడ్డున చవుడు. వేసవి వస్తే ఉప్పు తెల్లగా పేలుతుంది. మన బట్టలుతికే సత్తియ్య తట్ట పట్టుకుని వచ్చి ఆ మట్టి గీరుకుపోతాడు. దానితో ఊరందరి పంచెలూ తెల్లబడతాయి. ఆ చేను వల్ల లోకానికి జరిగే ఉపకారం అదొక్కటే.

ఇంకొకటి. నిన్నట్నుంచి మీ పాలేరు అబ్బులు పై చేను మురుగు బోదె పూడుస్తున్నాడు. నాన్నగారు తవ్వించిన బోదె అది. పై చేలో ఎక్కువైన నీళ్ళు కింది చేను మీదుగా ఏటిలోకి దిగేవి. దాన్ని పూడ్చి, రెండు చేల మధ్యా నడుమెత్తు గట్టు వేస్తున్నాడు. ఎందుకురా అంటే, "అయ్యగారి హుకుమండీ, ఒక్క చుక్క కూడా అవతలికి పోకూడదన్నారండీ" అంటున్నాడు.

నేను ఎవరి వంటింటి గుమ్మంలోనూ నిలబడకూడదని నాన్నగారు ఆ పై చేను నాకిచ్చేరు. నా చేను నాకిచ్చెయ్యండి.

సుబ్బాయమ్మ

*

కొత్తపేట,
ఆషాఢ శుద్ధ నవమి.

చెల్లెలు సుబ్బాయికి దీవెనలు.

నీ ఉత్తరం పడవ బుల్లబ్బాయి తెచ్చి ఇచ్చేడు. నలుగురి ముందూ విప్పి చదివేను. అదృష్టం, పైకి చదవలేదు.

కాగితం రాసింది నేను, సంతకం పెట్టింది నువ్వు. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళలా వేలిముద్ర కూడా కాదు. నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలే కదా! చదువుకునే పెట్టేవు. ఇప్పుడు ఏడిస్తే ఎవరు వింటారు? కాలవ దారి ఆఖరి నిమిషంలో మారింది. ఎందుకు మారిందో దొరగారిని నువ్వే వచ్చి అడుగు.

గట్టు సంగతి. అవును, నేనే వెయ్యమన్నాను. కాలవ నీళ్ళు బంగారం. నా చేలోకి వచ్చిన నీళ్ళు నీ ఉప్పుపర్రలోకి జారిపోతుంటే చూస్తూ కూర్చోవడానికి నేనేం పిచ్చివాణ్ణి కాదు. ఆ బోదె పూడిస్తే నాకు రెండు సాళ్ళ నేల కూడా కలిసొస్తుంది.

నాన్నగారు మట్టి నాలుక మీద పెట్టుకుని చెప్పే జోస్యాలు నువ్వు వల్లించబోతావని నాకు తెలుసు. అవి వానల కోసం ఆకాశం కేసి చూసిన రోజుల మాటలు. ఇది కాలవ. నీ అభిప్రాయాలు నాకు అక్కర్లేదు.

కాని నీ చేతిరాత అక్కర. అబ్బులుకి రాయడం రాదు. నీకు ఎలాగూ పని లేదు. పంట పంటకీ పై చేను ఎలా ఉందో చూసి నాకు రాస్తూండు. నేను చెప్పింది అబ్బులుకి చెబుతూండు. ఇంటి ఆడకూతురివి, ఆ మాత్రం చెయ్యలేవా?

అన్న సూర్యారావు

*

ముమ్మిడివరం,
ఆషాఢ బహుళ విదియ.

పూజ్యులైన అన్నయ్యగారికి సుబ్బాయి పాదాభివందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివేను. మొదటిసారి ఏడ్చేను. రెండోసారి నవ్వేను. మూడోసారి చదువుతుంటే నాకు చెయ్యవలసిన పని దొరికింది.

ఇక ఆ మార్పిడి మాట ఎత్తను. మీరడిగినట్టే పై చేలో చూసింది చూసినట్టు రాస్తాను, ఒక్క ముక్క దాచను. మీ హుకుం హుకుంలాగే అబ్బులుకి చెబుతాను, ఒక్క ముక్క మార్చను. నా అభిప్రాయం మీకు అక్కర్లేదని మీ చేత్తోనే రాసేరు గనక, అదొక్కటి మాత్రం ఏ ఉత్తరంలోనూ ఉండదు.

ఈ ఉత్తరం దాచుకోండి. మీది నేను దాచుకున్నాను.

చెల్లెలు సుబ్బాయి

*

ముమ్మిడివరం,
ఆనంద పుష్య శుద్ధ ఏకాదశి.

పూజ్యులైన అన్నయ్యగారికి.

పై చేను కోతలు అయ్యేయి. జొన్నా నువ్వులూ తప్ప ఎరగని నేలలో వరి పండింది. వెన్ను నా మోచెయ్యంత ఉంది. కుప్ప వేస్తే పైనున్నవాడికి కిందున్నవాడి మాట వినపడలేదు. ముమ్మిడివరం నుంచే కాదు, అవతల ఊళ్ళ నుంచి కూడా చూడ్డానికి వచ్చేరు. "సూర్యారావు గారంటే మాటలా" అన్నారు. ఈ మాట నేను కల్పించలేదు.

పై చేను గట్టు మీది నూతిలో మునుపు ఎనిమిది బారల తాడు పట్టేది. ఇప్పుడు మూడు బారలు చాలుతోంది. "నీళ్ళు మనల్ని వెతుక్కుంటూ పైకొస్తున్నాయండీ" అని అబ్బులు మురిసిపోతున్నాడు.

చూసింది ఇంతే.

సుబ్బాయి

*

కొత్తపేట,
మాఘ శుద్ధ తదియ.

చి. సుబ్బాయికి.

చదివేను. కచేరీలో అందరికీ మిఠాయి పంచేను. నూతిలో నీళ్ళు పైకి రావడం శుభం. నేల దాహం తీరింది.

అబ్బులుకి చెప్పు. చేను ఎండనివ్వొద్దు. వేసవిలో కూడా కాలవలో నీళ్ళున్నంత కాలం పెడుతూనే ఉండమను. రెండో పంట వెయ్యమను. పాతకాలం వాళ్ళలా చైత్రంలో చేను బీడు పెట్టి, నెర్రెలు చూసి మురిసిపోవడం ఇక చెల్లదు.

నువ్వు కూడా ఏటి ఒడ్డున ఏదో తవ్విస్తున్నావని బుల్లబ్బాయి చెప్పేడు. గట్టు కింద నీళ్ళు పోడానికి తాటిమాను తొలిచిన దోనె పాతేవటగా? ఉప్పునేలలో దోనె పాతితే ఉప్పు కాక ఇంకేం వస్తుంది? నీకు కాలక్షేపం అవుతుందిలే.

సూర్యారావు

*

ముమ్మిడివరం,
రాక్షస నామ సంవత్సరం, వైశాఖ బహుళ సప్తమి.

పూజ్యులైన అన్నయ్యగారికి.

మీరు చెప్పినట్టే అబ్బులు వేసవంతా నీళ్ళు పెట్టేడు. చెప్పినట్టే రెండో పంట వేసేడు. చూసినవి రాస్తాను.

చేను నడిమధ్యన అరచెయ్యంత మచ్చలు తెల్లగా కనిపిస్తున్నాయి. పొద్దున్న లేవు. తడి ఆరి ఎండెక్కేసరికి తేలతాయి. నీళ్ళు పెడితే మాయమవుతాయి. ఆరితే మళ్ళీ వస్తాయి, ఈసారి విస్తరాకంత. అక్కడ నారు చివర్లు మాడినట్టున్నాయి. పదును చూద్దామని గుప్పెడు మట్టి పిండేను. పైన పొడి, వేలెడు లోతున బురద. నూతికి ఇప్పుడు తాడక్కర్లేదు, వంగి చెంబుతో ముంచుకోవచ్చు. అబ్బులు ఆ నీళ్ళతో వండిన పప్పు ఉడకలేదట.

ఒక వింత. మనిద్దరి మధ్య మీరు వేయించిన గట్టు ఉంది కదా. దాని వార, మీ చేలోనే, మూడు బారల వెడల్పున పైరు నల్లగా, నవనవలాడుతూ ఉంది. మచ్చన్నది లేదు. గట్టుకి నా వైపున మీ ఊట నా చేలోకి దిగకుండా నేను మొలలోతు బోదె తవ్వించుకున్నాను. ఈ రెండూ చూసినవే గనక రాసేను.

ఇంకొకటి. కిందటి ఆదివారం మన సత్తియ్య తట్ట పట్టుకుని వచ్చేడు. అలవాటుగా నా చేలోకి దిగేడు. అటూ ఇటూ తిరిగేడు, కాలితో గీరేడు. "అమ్మగోరూ, ఈ యేడు మీ చేను పలచబడిపోయిందండీ" అని గట్టెక్కి మీ చేలోకి దిగేడు. అరగంటలో తట్ట నింపేసుకున్నాడు. "నడిచేలో బాగుందండీ మట్టి, చెయ్యి పెడితే నురగొచ్చేలా ఉంది. పంచెలు పాలల్లే తెల్లబడతాయండీ" అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడో!

నాన్నగారైతే ఆ మట్టి నాలుక మీద పెట్టుకునేవారు. నేనూ పెట్టుకున్నాను. రుచి ఎలా ఉందో మీరు అడిగితే రాస్తాను.

సుబ్బాయి

*

కొత్తపేట,
జ్యేష్ఠ శుద్ధ పంచమి.

సుబ్బాయికి.

నా చేలో మట్టి ఎత్తుకుపోవడానికి ఆ సత్తియ్య ఎవడు? నా చేను మట్టిలో సారం ఉందని ఊరికి తెలిసినట్టుంది. అబ్బులుకి చెప్పి వెంటనే మానిపించు. తట్టెడు మట్టి కూడా చేను దాటకూడదు.

తెల్లమచ్చలకి కంగారేం లేదు. ఉప్పుని ఏం చేస్తే పోతుంది? కడిగితే పోతుంది. ఇంకా నీళ్ళు పెట్టమను. గట్టు ఇంకో మూరెత్తి, చేను నిండా నిలవ కట్టమను. కరిగి నేల అడుగుకి పోతుంది. పది గ్రామాలకి కాలవ కొలతలు పట్టినవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలుసు.

గట్టు వార పైరు బాగుందంటే గట్టు మహిమే. అందుకే ఇంకా ఎత్తమంటున్నాను.

మీ వదిన నీ ఉత్తరం చదివించుకుంది. "మీ చెల్లెలు ఒకసారి తిట్టి ఊరుకుంటే నాకు నిద్రపట్టేది. ఇలా మెత్తగా రాస్తోందంటే భయమేస్తోందండీ. ఆ రుచేమిటో అడగండి" అంటోంది. ఆడవాళ్ళ మాటలు! నాకు మట్టి రుచులు అక్కర్లేదు.

సూర్యారావు

*

ముమ్మిడివరం,
నల నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ దశమి.

పూజ్యులైన అన్నయ్యగారికి.

ఏడాదిన్నరగా మీ హుకుములన్నీ జరిగేయి. సత్తియ్యని మానిపించేం. "నేను గీరుకుపోతే మీకు మంచిదే కదండీ" అని గొణుక్కుంటూ పోయేడు పాపం. గట్టు మూరెత్తు పెంచేం. చేను నిండా నీళ్ళు నిలవ కట్టేం. వేసవిలోనూ కట్టేం.

ఇప్పుడు చూసింది రాస్తున్నాను. నడిచేను మూడొంతులు పైరు లేదు. నాటిన నారు పసుపుపచ్చగా మారి, కూర్చున్నట్టే కూర్చుండిపోయింది. పీకితే వేరు నల్లగా కుళ్ళి, కంపు. నీళ్ళు తీసిన చోట నేల మీద తెల్లటి పొర, అడుగేస్తే అప్పడంలా విరుగుతోంది. కింద మాత్రం మడమ దిగిపోయే బురద. నూతి నీళ్ళు పశువులు వాసన చూసి మొహం తిప్పుకుంటున్నాయి. చింత మొక్కలు రెండు ఎండిపోయేయి. "ఎండకి కాదండీ, నీళ్ళలో నిలబడి ఎండిపోయేయండీ. ఇలాంటి చావు నేనెక్కడా చూళ్ళేదండీ" అని అబ్బులు కళ్ళు తుడుచుకున్నాడు.

గట్టు వార మూడు బారలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయి.

నా చేను సంగతి మీరు ఎప్పుడూ అడగలేదు గనక ఎప్పుడూ రాయలేదు.

సుబ్బాయి

*

కొత్తపేట,
పుష్య బహుళ పాడ్యమి.

సౌభాగ్యవతి... కాదు, నా చేతికి ఏం రాయాలో తెలియడంలేదు. ప్రియమైన చెల్లెలు సుబ్బాయమ్మకి అన్నయ్య మనసారా దీవెనలు.

బుల్లబ్బాయి పడవలో నీ చేను బియ్యం వచ్చేయట. కచేరీలో ఎవరో కొంటే చూసేను. ఉప్పునేల బియ్యమంటే నమ్మలేదు. అతన్ని పిలిపించి అడిగితే అంతా చెప్పేడు. మూడేళ్ళుగా వాన నీళ్ళు చేలో కట్టి, ఏటిలోకి వదిలి, మళ్ళీ కట్టి, జీలుగ చల్లి, దున్ని కలిపి, కింది చేనుని మాగాణి చేసేవట. "అమ్మగోరు చేను కాడే ఉంటారండీ, ఆయ్" అన్నాడు. నాకు సంతోషం వేసింది. నాన్నగారి రక్తం ఎక్కడికి పోతుంది!

నిన్న నాన్నగారు కలలోకి వచ్చేరు. "సూర్యం, నేను ఆడపిల్లకిచ్చిన చేను నీ దగ్గరెందుకుంది?" అన్నారు. దిగ్గున లేచి కూర్చున్నాను. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

సుబ్బాయీ, పై చేను నీది. కాలవ పక్కన, మెరక నేల, నాన్నగారు నీ పేరు చెప్పి ఇచ్చినది. అది నీకు తిరిగి ఇచ్చేస్తాను. నా కింది చేను నేను తీసుకుంటాను. మొదట ఎలా ఉందో అలాగే. తెల్లమచ్చలదేముంది, నీ చెయ్యి పడితే నెలలో పోతాయి. ఏటి ఒడ్డున, పాముల్లో, ఆడదానివి ఒక్కదానివే ఇంకా ఎన్నాళ్ళు కష్టపడతావు? నేను ఉద్యోగం మానేసి ఊరు వచ్చేద్దామనుకుంటున్నాను. మనం దగ్గర దగ్గరగా ఉంటాం.

నీ క్షేమం కోరే
అన్నయ్య

*

ముమ్మిడివరం,
మాఘ శుద్ధ చవితి.

పూజ్యులైన అన్నయ్యగారికి.

మీ ఉత్తరం అరుగు మీద కూర్చుని చదివేను. నాలుగేళ్ళ కిందట మీరు కూర్చున్న చోటే.

నాన్నగారు కలలో మీకు కనిపించినందుకు సంతోషం. నాకు ఎప్పుడూ కనిపించలేదు. బహుశా నాతో చెప్పవలసిందంతా బతికుండగానే చెప్పేసినట్టున్నారు.

ఇంత మంచి చేను వదులుకోవడం కష్టమే. కోసి నెలన్నరే అయింది. వరిదుబ్బులు ఇంకా పచ్చగా ఉన్నాయి. కాని మీరన్నది నిజం. కింది చేను నాకు మోయలేని బరువు అన్నయ్యగారూ, మీరు మోయండి. మార్పిడికి నాకు సమ్మతమే.

కాగితం మీరే రాయండి. మీ చేతిరాతే కావాలి. అందులో ఒక్క మాట మాత్రం నా కోసం చేర్చండి: "పై చేను మురుగు మునుపు పోయిన దారినే కింది చేను మీదుగా ఏటిలోకి పోవలెను. ఆ దారిని కింది చేనువారు ఎన్నటికీ పూడ్చరాదు. బోదె బాగూ, ఏటి మొగలోని దోనె తలుపు బాగూ కింది చేనువారివే." సాక్షులుగా ఊళ్ళో నలుగురు పెద్దలు ఉండాలి.

సుబ్బాయి

*

కొత్తపేట,
మాఘ బహుళ ద్వాదశి.

ప్రియమైన సుబ్బాయికి.

నలుగురు పెద్దల సంతకాలూ పడ్డాయని తెలిసింది. నీ ప్రతి బుల్లబ్బాయి చేత పంపుతున్నాను. నువ్వు అడిగిన మాట అడిగినట్టే రాసేను. ఒక్క దారేం ఖర్మ, నాలుగు దారులు రాసివ్వమన్నా రాసిచ్చేవాణ్ణి! ఆ ఉప్పుపొరలో మురుగెక్కడిది చెల్లెమ్మా?

మీ వదిన మాత్రం కాగితం చూసి, "సంతకం పెట్టేముందు ఆ ఒక్క మాటా ఎందుకడిగిందో కనుక్కోండి" అంది. ఆవిడకి ప్రతిదీ అనుమానమే. ఉద్యోగానికి ఈ యేడాది సెలవు దొరకడం కష్టంలా ఉంది. అబ్బులుని కింది చేలోకి దిగమని చెప్పు.

ఇద్దరం చల్లగా ఉండాలి.

అన్నయ్య

*

ముమ్మిడివరం,
పింగళ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ ద్వాదశి.

కింది చేను సూర్యారావు గారికి, పై చేను సుబ్బాయమ్మ నమస్కారాలు.

అన్నయ్యగారూ, మూడేళ్ళుగా మీ మాట నిలబెట్టి అభిప్రాయం రాయలేదు. పై చేను ఇప్పుడు నాది. నా చేను గురించి నా అభిప్రాయం రాసుకోడానికి ఎవరి హుకుమూ అక్కర్లేదు.

మనది ఏటి మొగ దేశం. పై చేను మెరకే గాని, దాని అడుగున ఎప్పటి సముద్రపు ఉప్పో నిద్రపోతోంది. నాన్నగారి రోజుల్లో వానకి తడిసేది, చైత్రంలో ఎండేది, ఎక్కువైన నీళ్ళు బోదెలో దిగిపోయేవి. ఉప్పు నిద్రలేవలేదు. మీరు కాలవ నీళ్ళు పెట్టేరు. అది తప్పు కాదు. పోయే దారి మూసేరు. దిగిన నీళ్ళు ఉప్పుని కలుపుకుని, పోవడానికి చోటు లేక, నూతిలో తాడు కొలిచినట్టు బార బార పైకి వచ్చేయి. పైకొచ్చిన నీళ్ళని ఎండ తాగింది. ఎండ నీళ్ళు తాగుతుంది గాని ఉప్పు తాగదు కదా. అది మీ చేలోనే మిగిలింది. కడుగుదామని మళ్ళీ పోసేరు. మూత పెట్టిన గిన్నెని ఎన్నిసార్లు కడిగేరు అన్నయ్యగారూ! కొంచెమైనా బయటికి మోసుకుపోతున్నవాడు సత్తియ్య ఒక్కడే. అతన్నీ దొంగన్నారు.

గట్టు వార మూడు బారల పైరు బాగుందని రెండుసార్లు రాసేను. అది మీ గట్టు మహిమ కాదు, నా బోదె మహిమ. మీ ఉప్పూట అంత మేరా నా బోదెలోకే దిగి ఏటికి పోయింది. మందు మీ కళ్ళెదుటే పచ్చగా నిలబడి ఉంది. ఎందుకని ఒక్క ముక్క అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. చెప్పేదాన్ని కాదేమో. ఇప్పుడు నిజం చెప్పినా మీకు ఉపయోగం లేదు, నిజం రాస్తున్నాను. చెప్పేదాన్ని కాదు. అబ్బులు మొదటి తట్ట మట్టి ఆ బోదెలో పోసిన రోజునే ఇదంతా ఎలా ముగుస్తుందో నాకు తెలుసు. నా చేను నాకు తిరిగి రావాలి, మీరే బతిమాలి ఇవ్వాలి, ఇస్తూ నన్ను మోసం చేస్తున్నాననే అనుకోవాలి. దీనికోసం నాన్నగారిచ్చిన నేల మూడేళ్ళు చస్తుంటే గట్టు మీద నిలబడి చూసేను. ఆ పాపం నాదే. దానికి మిమ్మల్ని భాగం అడగను.

మొన్న మొదటి పెద్ద వానకి గట్టు తెంపించేను. పూడ్చిన బోదె తవ్వించేను. కాలవ నీళ్ళు పైనుంచి పెట్టి, కిందనుంచి వదిలేను. ఎలా దిగేయనుకున్నారు! చిక్కటి కుడితిలా, అంచుల వెంట నురగతో. మీ మూడేళ్ళ ఉప్పు. నోట్లో వేసుకుని చూసేను, అడగకపోయినా రుచి రాస్తున్నాను: కన్నీళ్ళకంటే ఎక్కువ ఉప్పన. రెండు వానాకాలాల్లో నా చేను కడుక్కుంటుంది.

ఆ ఉప్పంతా ఇప్పుడు మీ చేను మీదుగా పోతోంది. మీరు రాసిచ్చిన దారిలోనే. భయపడకండి, దారి తప్పకుండా చూసుకుంటే మీ చేనుకి ఏమీ కాదు. ఎలా చూసుకోవాలో చెబుతాను.

ఏటి మొగలో తాటి దోనె ఉంది. దానికి చెక్క తలుపు. సముద్రం పోటెత్తి ఏరు పైకి వచ్చేటప్పుడు తలుపు ముయ్యాలి. పాటు తీసి ఏరు దిగేటప్పుడు తియ్యాలి. మూయడం మరిస్తే ఏటి ఉప్పు చేలోకి వస్తుంది. తీయడం మరిస్తే నా ఉప్పు చేలో నిలుస్తుంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక్కో రోజు రెండేసి గడియలు వెనక్కి జరుగుతాయి. మీ కచేరీ గంటలకి కుదరవు. మూడేళ్ళు ఒక్క పోటు తప్పకుండా నేను చేసేను. "అమ్మగోరు చేను కాడే ఉంటారండీ" అని బుల్లబ్బాయి మీకు చెప్పింది ఈ పనే. మీరు బియ్యం చూసేరు గాని తలుపు సంగతి అడగలేదు.

కాగితంలో దోనె తలుపు బాగు కింది చేనువారిదే. మీ చేతిరాతే. అబ్బులు కింది చేలోకి దిగనన్నాడు. "పుట్టి బుద్ధెరిగి పై చేనే దున్నేనండీ, మీ దగ్గరే ఉంటానండీ" అన్నాడు. బుల్లబ్బాయికి పడవ ఉంది. ఏటి మొగలో ఉప్పు తలుపు కాయడానికి ఊళ్ళో ఇంకెవరూ ఒప్పుకోలేదు, నేను అడిగి చూసేను. కాబట్టి మీరే రావాలి. వచ్చిన రోజు నుంచీ మీ ఊపిరి ఏటి ఊపిరితో నడవాలి, బతికున్నన్నాళ్ళూ. ఊరు వచ్చేసి దగ్గర దగ్గరగా ఉందామని మీరే కదా అన్నారు. గట్టు మీద నా వైపు నుంచి చూస్తే మొగ బాగా కనిపిస్తుంది.

వదినగారికి నా నమస్కారాలు. ఆవిడ మాట ఒక్కసారి విన్నా మీకు ఇంత దూరం వచ్చేది కాదు. ఆవిడ వస్తే, ఏటి ఒడ్డు నూతి నీళ్ళు తాగనివ్వకండి. పై చేను నూతిలో తాడు మళ్ళీ రెండు బారలకి దిగింది. తీపి తిరిగేక ఆవిడకి రోజూ ఒక బిందె నేనే పంపుతాను. ఆవిడకి మాత్రమే.

మీరు వచ్చేదాకా అయిదు రోజులు నేనే తలుపు చూస్తాను. ఆరో రోజు పొద్దున్న పోటుకి తలుపు తీసే ఉంటుంది.

మొన్న సత్తియ్య తట్ట పట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఈసారి ఎటు దిగాలో తేలలేదు. "అమ్మగోరూ, వచ్చే వేసవికి ఎవరి చేలో మట్టి ఎత్తుకోమంటారండీ?" అని అడిగేడు.

"మా అన్నయ్యగారు ఏనాటికొస్తారో చూసి చెబుతాను సత్తియ్యా" అన్నాను.

సుబ్బాయమ్మ